చెక్కు ఇచ్చిన్రు సరే, తప్పు ఎవరిదని రాసిన్రు?



మేడ్చల్, శామీర్‌పేట దిక్కు 'సెటిల్‌మెంట్' అనే మాటకు మంచి పేరు లేదు. భూముల రేట్లు పెరిగినకాడి నుంచి ఈ మాట ఊరూరా తిరుగుతున్నది. ఒకే ప్లాటును ఇద్దరికి అమ్మినా సెటిల్‌మెంటే, అసైన్డ్ భూమి చేతులు మారినా సెటిల్‌మెంటే. నలుగురు పెద్దమనుషులు కూసుంటరు. ఒకాయన స్టాంపు పేపరు తీస్తడు. బలమున్నోడు ఒక అంకె చెప్తడు, బలం లేనోడు సంతకం పెడతడు. ఫ్యాక్టరీలో, ఇటుక బట్టీలో, అపార్ట్‌మెంటు పని కాడ కూలీ చనిపోయినా చాలాసార్లు ఇదే పద్ధతి. శవం మార్చురీలో ఉండంగనే బయట బేరం నడుస్తది. తెల్లారేసరికి అంబులెన్సు ఒడిశాకో, ఛత్తీస్‌గఢ్‌కో, మన ఆదిలాబాద్‌కో బయలుదేరుతది.

మరి మనిషి చావుకు కారణం ప్రభుత్వమే అయితే? అప్పుడు బేరం ఎవరితో చేయాలె? ఎంతకు, ఏ షరతు మీద? ఈ చర్చ ఈ మధ్య మళ్లీ లేచింది. దానికి కారణం మన దగ్గర జరిగిన సంఘటన కాదు, అమెరికాలో చనిపోయిన ఒక తెలుగు అమ్మాయి కేసు.

2023 జనవరి 23న సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న కందుల జాహ్నవిని పోలీసు కారు గుద్ది చంపింది. కర్నూలు జిల్లా ఆదోని అమ్మాయి, 23 ఏళ్లు, మాస్టర్స్ చదువుతున్నది. గంటకు 40 కిలోమీటర్లు దాటొద్దన్న రోడ్డు మీద ఆ కారు దాదాపు 120 దాకా పోయింది. తర్వాత ఇంకో పోలీసాయన ఫోన్‌లో మాట్లాడుకుంట నవ్విండు. ఆమెకు పెద్ద విలువ లేదన్నడు, 11 వేల డాలర్ల చెక్కు రాస్తే సరిపోతదన్నడు. ఒంటి మీది కెమెరాలో అదంతా రికార్డయింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ప్రాసిక్యూటర్లు కారు నడిపినాయన మీద క్రిమినల్ కేసు పెట్టలేమని తేల్చిన్రు. నిర్లక్ష్యంగా నడిపినందుకు 5 వేల డాలర్ల జరిమానా పడ్డది. ఆ తర్వాత ఇద్దరి ఉద్యోగాలూ పోయినయి. కుటుంబం 11 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2026 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. మన లెక్కన 250 కోట్ల రూపాయలకు పైమాటే.

ఎన్‌హెచ్-44 మీద ఆదిలాబాద్ బస్సు ఎక్కి వచ్చే మన పిల్లలకు హైదరాబాద్ కంటే ముందు తగిలేది మేడ్చల్. కొందరు ఇక్కడే రూములు తీసుకొని తుర్కపల్లి దిక్కు ఫార్మా కంపెనీలకు, కొంపల్లి షాపులకు పనికి పోతరు. ఆ రూముల్లో ఈ వార్త మీద రెండు మాటలు గట్టిగా వినబడ్డయి. ఒకటి: "మన ప్రాణానికి గంత రేటు ఎప్పుడన్నా కట్టిన్రా అన్నా?" రెండోది: "పైసలు తీసుకున్నంక ఇంకేం న్యాయం? అమ్ముడుపోయినట్టే కదా."

రెండు మాటల్లోనూ బాధ ఉన్నది. కానీ రెండూ అసలు ప్రశ్నను పక్కకు నెడుతున్నయి. ఎంత ఇచ్చిన్రన్నది తర్వాతి సంగతి. ఏ పేరుతో ఇచ్చిన్రు, ఆ కాగితం మీద ఏం రాసిన్రు అన్నది ముందు చూడాలె. మన లెక్కల పుస్తకం తీసి చూస్తే ఇది తెలుస్తది.

ముందు ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20. గిరిజన రైతు కూలీ సంఘం సభకు అనుమతి లేదన్నరు, వచ్చిన గోండుల మీద కాల్పులు జరిపిన్రు. ప్రభుత్వ లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు. ఎన్నో ఏళ్లు ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి పోయి దండం పెట్టుకోవాలన్నా ఆంక్షలే. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లికి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేసిండు. అమరుల కుటుంబాలకు ఇళ్ల కోసం రూ.5 లక్షల చొప్పున సాయం ప్రకటించిండు. దాదాపు 43 ఏళ్ల తర్వాత వచ్చిన ఆ గుర్తింపును నేను తక్కువ చేయను. కానీ అది ఇంటి పథకం లెక్కలో వచ్చిన సాయం. కాల్చమని ఎవరు చెప్పిన్రు, ఎంతమంది చచ్చిపోయిన్రు, ఆ 13 అనే అంకె నిజమేనా, ఈ మూడు ప్రశ్నలకు ఆ సాయంలో జవాబు లేదు.

తర్వాత శేషాచలం. 2015 ఏప్రిల్ 7న ఎర్రచందనం పేరు మీద 20 మంది కూలీలను ఎన్‌కౌంటర్ చేసిన్రు. అందరూ తమిళనాడు వాళ్లు, అందులో చాలామంది జవ్వాది కొండల దిక్కు మలయాళీ తెగ ఆదివాసీలు. ఒక్కో కుటుంబానికి రూ.5 లక్షల మధ్యంతర పరిహారం ఇయ్యాలని జాతీయ మానవ హక్కుల సంఘం చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దాని మీద హైకోర్టుకు పోయింది. ఐదు లక్షలు ఇయ్యలేక పోయిందా? కాదు. ఇస్తే ఆ కాగితం మీద 'హక్కుల ఉల్లంఘన' అన్న మాట ఉంటది. భయం పైసలతో కాదు, ఆ మాటతో.

మూడోది అడ్డగూడూరు. 2021 జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో ఒక దళిత మహిళ చనిపోయింది. పౌరహక్కుల వాళ్లు హైకోర్టుకు పోయిన్రు. సమాధి నుంచి తీసి మళ్లీ పోస్ట్‌మార్టం చేయించాల్సి వచ్చింది. హుజూరాబాద్ ఉప ఎన్నిక దగ్గర పడుతున్న రోజులవి. ప్రభుత్వం కొడుక్కు రూ.15 లక్షలు, ఉద్యోగం, ఇల్లు, ఇద్దరు బిడ్డలకు రూ.10 లక్షల చొప్పున ప్రకటించింది. పోలీసులను ఉద్యోగం నుంచి తీసేసింది. మన రాష్ట్రంలో ఇంత తొందరగా కదిలిన కేసులు తక్కువ. కదలాల్సిందే. కానీ ఎన్నిక లేని నెలలో, కెమెరాలు పోని గూడెంలో ఇదే జరిగితే ఇంతే తొందర ఉంటదా? ఈ ప్రశ్న అడిగితే ఆ కుటుంబానికి ఇచ్చింది ఎక్కువని కాదు. అందరికీ అది ఎందుకు రాదని.

నాలుగోది వాకపల్లి. ఇది చావు కేసు కాదు, కానీ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలో 11 మంది కోందు మహిళలు గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేసిన్రని చెప్పిన్రు. 2023 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు 13 మంది పోలీసులను నిర్దోషులన్నది. అదే తీర్పులో దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, ఆ మహిళలకు పరిహారం ఇయ్యమన్నది. 16 ఏళ్లు కోర్టు చుట్టూ తిరిగితే చివరికి చేతికొచ్చింది ఇది: నష్టం జరిగింది, చేసినోడు మాత్రం లేడు.

చివరిది మనది కాదు, కానీ చట్టంలో మనకు దారి చూపించిన కేసు. అప్పటి కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్‌జైలు. 1977 మే 5 అర్ధరాత్రి దాటినంక, తెల్లారకముందు, బయటివాళ్లు లోపలికి వచ్చి బాంబులేసిన్రు. ఖైదీగా ఉన్న చల్లా చిన్నపరెడ్డి చనిపోయిండు, కొడుకు బతికిండు. కుటుంబం ప్రభుత్వం మీద రూ.10 లక్షలకు దావా వేసింది. కింది కోర్టు గడువు దాటిందని కొట్టేసింది. హైకోర్టు రూ.1,44,000 వడ్డీతో ఇయ్యమన్నది. 2000 సంవత్సరంలో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఖైదీ కూడా మనిషే, అతని ప్రాణం పోతే 'మేం సర్కారు, మా మీద దావా చెల్లదు' అనే పాత రాజరికపు వాదన పనికిరాదని చెప్పింది. 23 ఏళ్లు పట్టింది. పలుకుబడి ఉన్న కుటుంబానికే 23 ఏళ్లు పడితే, జైనూరులోనో, చింతూరులోనో ఉన్న ఒక తల్లికి ఎన్నేళ్లు పట్టాలె?

ఇప్పుడు ఈ ఐదింటిని పక్కపక్కన పెట్టి చూడండి. ఇంద్రవెల్లిలో వచ్చింది దయ. శేషాచలంలో వచ్చింది సిఫార్సు. అడ్డగూడూరులో వచ్చింది ప్రకటన. వాకపల్లిలో దోషి లేని పరిహారం. ఒక్క కోయిలకుంట్లలోనే 'తప్పు నీది, కట్టు' అని కోర్టు సర్కారుకు చెప్పింది. అంకె చూస్తే అదే అన్నిట్లోకి చిన్నగా ఉండొచ్చు. కానీ దేశంలో ఎక్కడ ఖైదీ చనిపోయినా లాయర్లు ఈరోజుకీ ఎత్తి చూపేది ఆ తీర్పునే.

'ఎక్స్‌గ్రేషియా' అని పేపర్లలో రోజూ చదువుతం. ఆ మాటకు అర్థమే దయతో ఇచ్చేది. బాధ్యత ఒప్పుకోకుండా ఇచ్చేది. పరిహారం అంటే బాకీ. దయకు థాంక్స్ చెప్పాలె, ఫొటో దిగాలె. బాకీకి రసీదు తీసుకుంటే చాలు. మన ఊర్లల్లో మంత్రి చేతుల మీదుగా చెక్కు తీసుకునేటప్పుడు ఆ తల్లి ఎందుకు చేతులు జోడిస్తదో ఎప్పుడన్నా ఆలోచించిన్రా? తన బాకీ తనకు వస్తున్నదని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబట్టి.

దయకు ఇంకో జబ్బు ఉన్నది. ప్రభుత్వం మారితే చావు విలువ మారుతది. అమెరికాలో 2021 జనవరి 6న పార్లమెంటు భవనంలోకి చొరబడ్డ గుంపులో ఒక మహిళను పోలీసు కాల్చి చంపిండు. అప్పటి న్యాయశాఖ ఆయన మీద కేసు పెట్టే ఆధారాల్లేవన్నది. 2025లో ట్రంప్ ప్రభుత్వం వచ్చినంక అదే కేసులో కుటుంబానికి దాదాపు 50 లక్షల డాలర్లు ఇచ్చేందుకు ఒప్పుకున్నరు. సాక్ష్యం మారలేదు, కుర్చీ మారింది. మన దగ్గర కూడా 2014లో తెలంగాణ వచ్చినంక ఉద్యమంలో ప్రాణాలిచ్చినోళ్ల కుటుంబాలకు రూ.10 లక్షల చొప్పున ఇచ్చిన్రు, మంచిదే. అదే తెలంగాణ నేల మీద పడ్డ ఇంద్రవెల్లి గోండుల ఇండ్లకు సాయం చేరడానికి ఇంకో పదేళ్లు, ఇంకో ప్రభుత్వం కావాల్సి వచ్చింది. మన చావులు పార్టీల జమాఖర్చులో ఉన్నంత కాలం ఇట్లనే ఉంటది.

ఎదుటివాళ్లు అడిగే మాటలకు జవాబు చెప్పకుండా తప్పించుకోవద్దు.

మొదటి మాట: "ప్రజల సొమ్ము ఎందుకు పంచుతరు?" మేడ్చల్‌లో సబ్బు కొన్నా, ఉట్నూర్ సంతలో సెల్ ఫోన్ కొన్నా మనం కూడా పన్ను కడుతున్నం. ఆ సొమ్ముతోనే తుపాకీ కొన్నరు, ఆ సొమ్ముతోనే జీతం ఇచ్చిన్రు. ఖర్చు మీద అంత బాధ ఉంటే, తప్పు చేసిన అధికారి నుంచి కొంత వసూలు చేయమని అడగాలె. చనిపోయినోని పిల్లల నుంచి కాదు.

రెండో మాట: "వాడు స్మగ్లర్, వాడు నక్సలైట్, వానికెందుకు?" చెట్టు కొడితే చట్టంలో శిక్ష జైలు, తూటా కాదు. రాజ్యాంగంలో 21వ అధికరణం మంచోళ్లకు మాత్రమే అని రాసి లేదు, ఏ వ్యక్తికైనా అని ఉన్నది. కోయిలకుంట్ల కేసులో చనిపోయినాయన కూడా క్రిమినల్ కేసులో జైలుకు పోయినోడే. సుప్రీంకోర్టు ఆయన ప్రాణాన్ని తక్కువ లెక్కేయలేదు.

మూడో మాట మనోళ్లదే: "రక్తపు సొమ్ము ముట్టొద్దు." ఈ మాటలో నిజం లేదని నేను అనను. చెక్కు వచ్చిన తెల్లారి నుంచి సాక్షులు చల్లబడటం, అన్నదమ్ములు కొట్లాడుకోవడం, మధ్యవర్తి వాటా అడగటం, ఇవన్నీ జరిగేటివే. కానీ రూములో కూసొని ఈ మాట చెప్పుడు మనకు సులువు. రేపు పొద్దున పిల్లలకు ఫీజు కట్టాల్సిన తల్లికి చెప్పి చూడు. తీసుకున్నదని ఏ కుటుంబాన్నీ అమ్ముడుపోయినోళ్లు అనొద్దు. మన పని ఆమెను ఆపడం కాదు. ఆమె పెట్టే సంతకం కింద ఏం రాసి ఉన్నదో చదివి చెప్పడం.

ఎందుకంటే చట్టం ప్రకారం హత్య కేసు రాజీకి కుదిరే కేసే కాదు. కుటుంబం లక్ష సంతకాలు పెట్టినా ఆ కేసు మాఫీ కాదు. మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ కేసు చూడండి. 2021 మార్చిలో నగరం కుటుంబానికి 2 కోట్ల 70 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నది. వచ్చే నెల ఏప్రిల్‌లోనే ఆ పోలీసును జ్యూరీ హత్యకు దోషి అన్నది. పైసలు ఒక బాట, శిక్ష ఇంకో బాట. రెండూ ఒకేసారి నడవొచ్చు. జాహ్నవి కేసులో రెండో బాట మూసుకుపోయింది. అందుకే 250 కోట్లు విన్నంక కూడా చాలామందికి న్యాయం జరిగిందని అనిపించలేదు. అది కూడా నిజమే. కానీ '11 వేల చెక్కు చాలు' అన్న నవ్వుకు అంత పెద్ద జవాబు ఎట్లొచ్చింది? రికార్డు బయటికి వచ్చింది, జనం అడిగిన్రు, నగరం మీద దావా వేసే చట్టం ఉన్నది. అక్కడి పాలకుల మంచితనం కాదు.

మన దేశంలో ఆ చట్టమే లేదు. స్వతంత్రం వచ్చినంక లా కమిషన్ ఇచ్చిన మొట్టమొదటి రిపోర్టు, 1956లో, ఈ విషయం మీదనే. ప్రభుత్వ ఉద్యోగుల తప్పు వల్ల నష్టం జరిగితే ప్రభుత్వం ఎట్ల బాధ్యత వహించాలో చట్టం చేయమన్నది. 1965లో, 1967లో బిల్లులు పెట్టిన్రు. పాస్ కాలేదు. ఇన్నేళ్లుగా కోర్టులే కేసుకొక అంకె చెప్పుకుంట వస్తున్నయి. 1993లో తీర్పు వచ్చిన నీలబతి బెహరా కేసులో ఒడిశాకు చెందిన ఆ తల్లి సుప్రీంకోర్టుకు ఒక ఉత్తరం రాసింది. పోలీసులు తీసుకపోయిన 22 ఏళ్ల కొడుకు తెల్లారి రైలు పట్టాల మీద శవమై దొరికిండని. ఆ ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకొని లక్షా 50 వేలు ఇయ్యమన్నది కోర్టు. ఉత్తరం రాసే ధైర్యం, చిరునామా, అక్షరం ఉన్నందుకు ఆ తీర్పు వచ్చింది. లేనోళ్ల సంగతి?

అందుకే మనం అడగాల్సినవి ఇవి. ఒకటి, 1956 నుంచి ఆగిపోయిన ఆ చట్టం కావాలె. రెండు, కస్టడీ మరణానికి, కాల్పుల మరణానికి కనీస పరిహారం ఎంతో ముందే రాసి ఉండాలె, ముఖ్యమంత్రి నోటి మాట మీద ఆధారపడొద్దు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రూల్స్‌లో 2016 నుంచి హత్య కేసులో రూ.8,25,000 అని రాసి ఉన్నది. పోస్ట్‌మార్టం తర్వాత సగం, చార్జిషీటు వేసినంక సగం. అట్ల రాసిపెట్టొచ్చని ఇదే సాక్ష్యం. మూడు, ప్రతి ఒప్పందం కాగితం బయటపెట్టాలె. అందులో చనిపోయినోళ్ల పేరు, తారీఖు, ఎట్ల చనిపోయిండ్రు, ఎవరి బాధ్యత అన్నది రాయాలె. కేసు వదులుకుంటం అన్న షరతు ఉండొద్దు. నాలుగు, ఇంద్రవెల్లి మృతుల పూర్తి జాబితా ప్రభుత్వం ప్రకటించాలె. 13కు మించి ఒక్క పేరు ఉన్నా, ఆ ఇల్లు కూడా లెక్కలోకి రావాలె.

అడుగుడు ఒక్కటే సరిపోదు. చదువుకున్నోళ్లం కాబట్టి మనం చేయగలిగింది కూడా ఉన్నది. ఎక్కడన్నా మనోళ్లు పోలీసుల చేతిలో చనిపోయిన్రని తెలిస్తే మొదటి వారమే ముఖ్యం. కస్టడీ మరణమైతే జ్యుడీషియల్ మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, బీఎన్‌ఎస్‌ఎస్ 196 సెక్షన్ అదే చెప్తది. 24 గంటల్లో జాతీయ మానవ హక్కుల సంఘానికి రిపోర్టు పోవాలె. పోస్ట్‌మార్టం వీడియో అడగాలె. స్టేషన్ల సీసీ కెమెరాల రికార్డు కనీసం ఏడాది దాచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో చెప్పింది, కాబట్టి ఆ రికార్డు భద్రపరచమని వెంటనే రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టాలె. దావా గడువు దాటకుండా లాయర్‌ను కలవాలె, కోయిలకుంట్ల కేసు కింది కోర్టులో పడిపోయింది ఆ గడువు దగ్గరనే. లాయర్‌కు పైసల్లేవని ఆగొద్దు. 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సాయం దొరుకుతది, ప్రతి జిల్లా కోర్టు దగ్గర ఆ ఆఫీసు ఉంటది. మంత్రి వచ్చి ఏ కాగితం ఇచ్చినా ఒక కాపీ చేతికి వచ్చినంకనే సంతకం.

దేశంలో పేరున్న లా యూనివర్సిటీ నల్సార్ మన శామీర్‌పేటలోనే ఉన్నది. అక్కడ చదివే మన పిల్లలకు, మద్దతిచ్చే విద్యార్థులకు, మేడ్చల్ రూముల్లో ఉండే డిగ్రీ పిల్లలకు నాది ఒకటే విన్నపం. ఆదివారం రెండు గంటలు కూసుందాం. ఈ పైన చెప్పినవన్నీ గోండి, కోయ, కోలామి మాటల్లో ఒక పేజీకి తెద్దాం. దరఖాస్తు నమూనాలు తెలుగులో తయారు చేద్దాం. బస్సు ఎక్కి ఊరికి పోయినప్పుడు ఒక్కొక్కరం ఒక్కో గూడేనికి పట్టుకపోదాం. ఏప్రిల్ 20న స్తూపం దగ్గరికి పోయినప్పుడు పూలతో పాటు ఒక నోటుబుక్కు కూడా తీసుకపోదాం. ఊర్లల్ల పెద్దోళ్లు ఇంకా ఉన్నరు. ఆరోజు ఎవరింట్లో ఎవరు తిరిగి రాలేదో వాళ్లకు గుర్తున్నది. వాళ్లు పోకముందే ఆ పేర్లు రాసుకుందాం.

ఇంద్రవెల్లి అమరులకు జోహార్.